పాజ్ మీట నొక్కిన ప్రతిసారీ: ఒక డెస్క్‌టాప్ మరమ్మతు డైరీ

మొదటి రోజు

ఉదయం ఒక విండో అంచు పట్టుకోవడానికి ఐదుసార్లు ప్రయత్నించాను. ఎడమవైపు పాత పట్టిక, కుడివైపు కొత్త పట్టిక పెట్టుకుని అంకెలు ఎక్కించే పని. ఎడమ విండోను కాస్త వెడల్పు చేయాలి, అంతే. పాయింటర్ రెండు తలల బాణంగా మారిందని చూసి బటన్ నొక్కేలోపే అది మళ్లీ మామూలు బాణమైపోయింది. నొక్కు వెనకాల ఉన్న మూడో విండో మీద పడింది. అది పైకి లేచి రెండు పట్టికలనూ కప్పేసింది. ఐదోసారికి అంచు చిక్కింది. మొత్తం పదిహేను సెకన్లు పట్టి ఉంటుంది. ఆ కాస్త సేపట్లో నేను ఎక్కించబోయిన అంకె తలలోంచి జారిపోయింది.

ఇలాంటివి రోజూ ఎన్నో ఎదురవుతాయి. ఏ ఒక్కటీ పని ఆపి సరిచేసుకోవలసినంత పెద్దదిగా కనిపించదు. అందుకే ఏళ్ల తరబడి అలాగే సాగిపోతున్నాయి. కానీ ఇవి చిన్న విషయాలంటే నేను ఒప్పుకోను. రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే కుర్చీలో మేకు పైకి లేచి ఉంటే, చిన్న మేకే కదా అని ఎవరూ ఊరుకోరు.

కాబట్టి ఒక ప్రాజెక్టు పెట్టుకున్నాను. మొదటి వారం ఏదీ సరిచేయను, లెక్క మాత్రమే పెడతాను. కీబోర్డు కుడి పైమూలన పాజ్ అనే మీట ఒకటి ఉంది. ఇన్నేళ్లలో దానితో నాకు పని పడలేదు. దానికి స్క్రిప్టు, అంటే నాలుగు వరుసల చిన్న ఆదేశాల ఫైలు ఒకటి తగిలించాను. మీట నొక్కగానే అప్పటి సమయం, ఆ క్షణాన ముందున్న విండో పేరు ఒక ఫైలులో ఒక వరుసగా చేరతాయి. ఏ విండో తెరుచుకోదు, శబ్దం రాదు, నన్ను ఏమీ అడగదు. చిరాకు పుట్టగానే ఒక్క నొక్కు, మళ్లీ పనిలోకి. కారణం సాయంత్రం ఆ వరుస పక్కన రాసుకుంటాను.

నేను వాడేది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో కట్టిన డెస్క్‌టాప్. తెరమీద విండోలు చూపించి, మీటల, మౌస్ నొక్కులను వాటికి చేరవేసే ఎక్స్ విండో వ్యవస్థ మీద నడుస్తుంది. విండో అంచు బొమ్మ దగ్గరి నుంచి మెనూ బటన్ చుట్టూ ఉన్న ఖాళీ వరకు అన్నీ తెరిచి చూడగల ఫైళ్లే. నచ్చనిదాన్ని మార్చుకునే హక్కు ఉండి కూడా ఇంతకాలం వాడుకోలేదు.

నాలుగో రోజు

ఇదే కంప్యూటర్‌ను సాయంత్రం పూట నాన్న కూడా వాడతారు. ఆయన లాగిన్ వేరు. పాత నోటు పుస్తకాల్లో రాసుకున్నవన్నీ టైపు చేసి పెట్టుకుంటున్నారు. 74 ఏళ్లు, కుడిచేయి కొద్దిగా వణుకుతుంది. ఆయన లాగిన్‌లోనూ పాజ్ మీటకు అదే స్క్రిప్టు పెట్టి, ఇబ్బంది కలిగినప్పుడల్లా నొక్కమన్నాను.

"అమ్మా, నేను తప్పు చేసినప్పుడు కూడా నొక్కాలా?" అని అడిగారు.

"తప్పు మీదే అనిపించినప్పుడు తప్పకుండా నొక్కండి నాన్నా. కారణం కూడా మీ మాటల్లోనే రాయండి" అన్నాను.

ఎనిమిదో రోజు

వారం లెక్క: నావి 64 నొక్కులు, నాన్నవి 41. నేను ఊహించిన దానికి ఇది చాలా ఎక్కువ. నా వరుసల్లో విండో అంచులదే మొదటి స్థానం. తర్వాతివి, తెలుగు టైపు చేస్తున్నాననుకుని ఇంగ్లిషులో కొట్టినవి. ఆ తర్వాత, రాస్తుండగా మధ్యలోకి దూకిన విండోలు, కాపీ చేసినా అతకనివి.

నాన్న ఫైలు తెరిచి చూసి కాసేపు కదలలేకపోయాను. 41 వరుసల్లో 33 చోట్ల కారణం గడిలో ఆయన రాసింది రెండే మాటలు: "నా తప్పు".

రేపటి నుంచి సరిచేయడం మొదలుపెడతాను.

తొమ్మిదో రోజు: అంచు

మొదట కొలిచాను. నాది 24 అంగుళాల తెర, అడ్డంగా 1920 పిక్సెల్‌లు, నిలువుగా 1080. అంటే అంగుళానికి దాదాపు 92 పిక్సెల్‌లు, ఒక్కో పిక్సెల్ 0.28 మిల్లీమీటరు. తెరను ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే విండో అంచు మందం సరిగ్గా ఒక పిక్సెల్. అంటే పావు మిల్లీమీటరును మించి ఎంతో లేని గీతను మౌస్‌తో పట్టుకోమని ఈ డెస్క్‌టాప్ నన్ను అడుగుతోంది. సన్నని అంచు చూడటానికి బాగుంటుంది, కాదనను. అయితే ఆ అంచు చూడటానికి మాత్రమే లేదు, పట్టుకుని లాగడానికి కూడా ఉంది. గీసినవారు ఆ రెండో పని మరిచిపోయారు.

ఆల్ట్ మీట నొక్కి ఉంచి, విండో లోపల ఎక్కడైనా మౌస్ కుడి బటన్‌తో లాగితే సైజు మారుతుందని నాకు తెలుసు. మంచి సదుపాయమే. కానీ దానికి రెండు చేతులూ కావాలి, ముందే తెలిసి ఉండాలి. తెరమీద దాని ఆనవాలు ఎక్కడా లేదు. నాన్నకు దీన్ని పరిష్కారంగా చూపించలేను.

విండోల రూపురేఖలు ఉండే థీమ్ ఫోల్డర్‌ను నా హోమ్ ఫోల్డర్‌లోకి నకలు తీసి తెరిచాను. అంచులన్నీ ఎక్స్‌పీఎం రకం బొమ్మలు. ఈ రకం బొమ్మలో ఒక సుఖం ఉంది: అది మామూలు అక్షరాల ఫైలు, బొమ్మలు గీసే ప్రోగ్రామ్ అక్కర్లేదు. మొదటి వరుసలో నాలుగు అంకెలు ఉంటాయి: వెడల్పు, ఎత్తు, ఎన్ని రంగులు, ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని అక్షరాలు. ఆ కింద ఏ అక్షరం ఏ రంగో చెప్పే వరుసలు. ఇంకా కింద బొమ్మ, అక్షరాలతో అల్లిన చాపలా. ఎడమ అంచు బొమ్మలో ఒక్కో వరుసకు ఒకే ఒక్క చుక్క ఉంది. ఆ చుక్కే నన్ను ఇన్నాళ్లు ఏడిపించింది. వెడల్పును 1 నుంచి 6 చేసి, ప్రతి వరుసలోనూ చుక్కకు బదులు ఆరు చుక్కలు పెట్టాను.

ఒక్క ఎడమ అంచు మారిస్తే చాలదు. ఎడమ, కుడి, అడుగు, అడుగున రెండు మూలలు కలిపి ఐదు బొమ్మలు. ముందున్న విండోకు ఒక జత, వెనక ఉన్నవాటికి ఇంకో జత, మొత్తం పది. రెండు జతలూ మార్చకపోతే విండో ముందుకు వచ్చినప్పుడల్లా అంచు లావై, వెనక్కి వెళ్లగానే సన్నబడుతుంది.

ఆరు పిక్సెల్‌ల ముదురు పట్టీ కంటికి బరువుగా అనిపించింది. ఒక పిక్సెల్‌కు రంగు ఉంచి, మిగతా ఐదింటిని పారదర్శకం చేస్తే చూపుకు సన్నగా, చేతికి లావుగా ఉంటుందనుకున్నాను. అది పనిచేయలేదు. ఇక్కడ పారదర్శకం అంటే విండో ఆకారంలోంచి ఆ భాగాన్ని కత్తిరించేయడమే. నొక్కు తిన్నగా కిందున్న విండోకు పోతోంది. చివరికి ఐదు పిక్సెల్‌లకు విండో లోపలి నేపథ్యానికి దగ్గరి లేత బూడిద రంగు వేసి, బయటి ఒక్కదానికే ముదురు రంగు ఉంచాను. అంచు ఇప్పుడు మిల్లీమీటరున్నర పైమాటే. వేరే థీమ్‌కు మారి మళ్లీ దీన్నే ఎంచుకుంటే కొత్త బొమ్మలు ఎక్కాయి.

మొదటి ప్రయత్నంలోనే అంచు చేతికి వచ్చింది. అటూ ఇటూ పదిసార్లు లాగి చూశాను. పదిసార్లూ వచ్చింది.

పదో రోజు

అదే ఫోల్డర్ తెరిచి ఉంది కాబట్టి ఇంకో పాత బాధ కూడా తీర్చుకున్నాను. ఫైలు పేరు తెలుగులో పెడితే విండో శీర్షిక పట్టీలో వత్తులు సగానికి తెగుతున్నాయి. "లెక్కల పుస్తకం" అని ఉన్న ఫైలుకు క వత్తు నెత్తి మాత్రమే కనిపిస్తుంది, "స్త్రీ" అని రాస్తే కింది సగం మాయం. ఇంగ్లిషు అక్షరానికి గీతకు కింద కాస్త తోక చాలు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద మరో వత్తు. ఈ పట్టీ ఎత్తును ఫాంటు నిర్ణయించడం లేదు, థీమ్‌లోని బొమ్మ ఎత్తే నిర్ణయిస్తోంది. ఫాంటు పెద్దది చేసేకొద్దీ ఇంకా ఎక్కువ తెగుతుందే తప్ప పట్టీ పెరగదు. శీర్షిక పట్టీని ఐదు ముక్కలుగా, రెండు మూలలతో కడతారు. రెండు జతలు కలిపి పద్నాలుగు బొమ్మలు. ఎత్తు 24 నుంచి 30 చేశాను. వరుసలు అతికించడం తప్ప ఇందులో వేరే నేర్పు లేదు, గంట పట్టింది. ఇప్పుడు వత్తులు పూర్తిగా కనిపిస్తున్నాయి.

పన్నెండో రోజు: మాయమయ్యే ఫైళ్లు

నాన్న వరుసల్లో "నా తప్పు" కాక, మిగతావాటిలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ఫిర్యాదు "ఫైలు పోయింది". నిన్న సాయంత్రం పక్కన కూర్చుని చూశాను. చేతిని మాత్రమే చూశాను, తెరను చూడలేదు.

ఫైలు మీద పాయింటర్ పెట్టారు. చూపుడు వేలు బటన్ మీదికి దిగింది. నొక్కే బలానికి మణికట్టు కాస్త కదిలి మౌస్ రెండు మూడు మిల్లీమీటర్లు పైకి జారింది. వేలు లేచింది, రెండో నొక్కు పడింది. ఫైలు తెరుచుకోలేదు. అప్పుడు తెర వైపు చూస్తే జాబితాలో ఆ ఫైలే లేదు.

"చూశావా, మళ్లీ పోగొట్టాను" అన్నారు.

ఫైలు పక్క వరుసలోని ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంది. బటన్ నొక్కి ఉండగా పాయింటర్ 8 పిక్సెల్‌లు దాటితే ఈ డెస్క్‌టాప్ దాన్ని లాగడంగా లెక్కిస్తుంది. 8 పిక్సెల్‌లంటే నా తెరమీద రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. జాబితాలో వరుసలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి, ఆ కాస్త కదలికకే ఫైలు పై వరుస మీదికి చేరుతుంది. పై వరుసలో ఫోల్డర్ ఉంటే అందులో పడుతుంది. రెండూ ఒకే డిస్కులో ఉంటే తరలిపోతుంది, వేరే డిస్కులోకి లాగితే నకలు తయారవుతుంది. ఒకే చేతి కదలికకు రెండు ఫలితాలు. ఏది జరిగిందో చెప్పే మాట తెరమీద ఒక్కటీ లేదు.

దీనికి మూడు అంకెలు కారణం. మౌస్ సెట్టింగుల్లో ఉన్నాయి, ఇన్నేళ్లూ అటు తొంగి చూడలేదు. రెండు నొక్కుల మధ్య అనుమతించే సమయం 400 మిల్లీసెకన్లు. రెండు నొక్కుల మధ్య పాయింటర్ జరగగల దూరం 5 పిక్సెల్‌లు. లాగడం మొదలయ్యే దూరం 8. వేగంగా, వణకకుండా కదిలే చేతికి ఇవి సరిపోతాయి. నాన్న లాగిన్‌లో సమయాన్ని 700కు, దూరాన్ని 15కు, లాగే దూరాన్ని 24కు పెంచాను. ఇవి ఎవరి లాగిన్‌కు వారివే కావడం మేలైంది. నా దగ్గర 24 పెట్టి చూస్తే ఫైలు జిగురులో అతుక్కున్నట్టు ఉంది, వెంటనే తీసేశాను.

మార్చకముందు ఆయన చేత ఒక ఫైలును ఇరవైసార్లు తెరిపించాను: 12 సార్లు తెరుచుకుంది. మార్చాక ఇరవైకి 19. ఆ ఒక్కటీ కూడా తెరుచుకోలేదు తప్ప ఎక్కడికీ పోలేదు.

ఎక్కడికైనా పోతే వెనక్కి తేవడానికి కంట్రోల్, జెడ్ కలిపి నొక్కాలని కూడా చూపించాను. కావాలనే ఒక ఫైలును తప్పు ఫోల్డర్‌లో వేసి, వెనక్కి రప్పించి, మళ్లీ వేశారు. ఐదారుసార్లు అలా చేస్తూనే ఉన్నారు.

పద్నాలుగో రోజు

ఈ రోజు చిన్నది. నాన్న ఫైళ్ల ప్రోగ్రామ్‌లో పైన ఉండే మెనూ వరుస మొత్తం కనబడకుండా పోయింది. కొత్త విండో కోసం కంట్రోల్, ఎన్ నొక్కబోతే వేలు పక్కనున్న ఎం మీద పడింది. కంట్రోల్, ఎం అంటే మెనూ దాచెయ్యమని. తిరిగి తెచ్చుకునే మార్గం చెప్పే మాట ఆ దాగిన మెనూలోనే ఉంది. దేన్నైనా దాచే మీట ఉంటే, తిరిగి తెచ్చే దారి కళ్లెదుట ఉండాలి. అలా లేకపోతే ఆ మీటే ఉండకూడదు. షార్ట్‌కట్‌ల జాబితాలోకి వెళ్లి దాన్ని తుడిచేశాను.

పదిహేనో రోజు: మధ్యలో దూకే విండోలు

ఒక ఉత్తరం రాస్తున్నాను. నేను టైపు చేసేటప్పుడు కాగితం వైపు చూస్తాను, తెర వైపు కాదు. ఒక పేరా ముగించి ఎంటర్ నొక్కాను. తల ఎత్తేసరికి ప్రోగ్రామ్‌లన్నీ మూతపడుతున్నాయి. అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయి, కంప్యూటర్ తిరిగి మొదలుపెట్టమంటారా అని అడిగే పెట్టె ఒకటి సరిగ్గా ఆ క్షణంలో ముందుకు వచ్చింది. అందులో ముందే ఎంచి ఉన్న బటన్ "సరే". ఉత్తరం కోసం నొక్కిన ఎంటర్‌ను ఆ పెట్టె తనకిచ్చిన అనుమతిగా తీసుకుంది. ఇరవై నిమిషాల రాత పోయింది. ఇది మొదటి వారంలో జరిగింది, ఈ రోజు దాని సంగతి చూశాను.

విండోలకు అంచులు గీసి, వాటిని ముందూ వెనకా అమర్చే ప్రోగ్రామ్‌ను విండో మేనేజర్ అంటారు. అందులో దీనికి మందు ఉంది, అయితే తీసి పక్కన పెట్టి ఉంది. ప్రతి విండో తనమీద చివరిసారి మీటో బటనో నొక్కిన సమయాన్ని వెంట తెచ్చుకుంటుంది. కొత్త విండో వచ్చినప్పుడు ఈ సమయాలు పోల్చి, దాన్ని నేను అడిగి తెరిచానా, తనంతట తాను వచ్చిందా అని విండో మేనేజర్ తేల్చగలదు. తనంతట వచ్చినదైతే వెనకే ఉంచి, టాస్కు పట్టీలో దాని పేరు మెరిపిస్తుంది. విండో మేనేజర్ అదనపు సెట్టింగుల్లో, ఫోకస్ అనే చోట ఒక గడి టిక్కు పెడితే ఇది పని మొదలుపెడుతుంది.

రెండు రోజులు వాడాక ఇక్కడ చేర్చిన మాట: ఇది పూర్తి రక్షణ కాదు. ఆ సమయాన్ని సరిగా చెప్పని ప్రోగ్రామ్‌లు ఇంకా ముందుకు దూకుతున్నాయి. తెరుచుకోవడానికి చాలాసేపు తీసుకునే పెద్ద ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టి, ఈలోగా వేరే చోట టైపు చేస్తే, నేను అడిగిన ఆ విండో కూడా వెనకే తెరుచుకుంటోంది. అది నాకు సమ్మతమే. వెనక ఉన్న విండోను ఒక్క నొక్కుతో ముందుకు తెచ్చుకోగలను, పోయిన పేరాను తెచ్చుకోలేను.

పదిహేడో రోజు: క్యాప్స్ లాక్

ఒకే మీట ఒకసారి ఒక పని, మరోసారి ఇంకో పని చేస్తే, ఇప్పుడు ఏది చేస్తుందో మనిషి గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటి స్థితులను ఇంటర్‌ఫేస్ రూపకర్తలు మోడ్‌లు అంటారు. జిరాక్స్ సంస్థ పరిశోధనశాల అయిన జిరాక్స్ పార్క్‌లో 1970లలో టిమ్ మాట్‌తో కలిసి కట్, కాపీ, పేస్టులకు రూపం ఇచ్చిన ల్యారీ టెస్లర్‌కు వీటి మీద ఎంత పట్టుదలంటే, కారు నంబరు పలక మీద కూడా "నో మోడ్స్" అని పెట్టుకున్నారు. ఆయన 2020లో కన్నుమూశారు. ఈ పదిహేడు రోజుల్లో నాకు ఎక్కువగా గుర్తొచ్చిన మనిషి ఆయనే.

నా కీబోర్డు తెలుగుకూ ఇంగ్లిషుకూ మధ్య ఒకే షార్ట్‌కట్‌తో అటూ ఇటూ మారుతుంది. ఇప్పుడు ఏ భాషలో ఉందో తెర మూలన రెండక్షరాల గుర్తు చెబుతుంది. నా చూపేమో రాత నడుస్తున్న చోట ఉంటుంది. ఫలితం, ఇన్‌స్క్రిప్ట్ (నేను వాడే తెలుగు మీటల అమరిక) అనుకుని కొట్టిన వాక్యం అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలుగా పడుతుంది. దాన్ని చెరిపి, భాష మార్చి, మళ్లీ కొట్టాలి. గుర్తును పెద్దది చేయవచ్చు, రంగు మార్చవచ్చు అనుకున్నాను. అవన్నీ నా చూపును మూలకు లాగే ఉపాయాలే.

ఎక్స్ కీబోర్డు ఎంపికల జాబితాను ఒక్కొక్కటిగా చదువుతుంటే కావలసింది దొరికింది. అటూ ఇటూ మార్చే మీటకు బదులు, ఒక మీట ఎప్పుడూ మొదటి భాషకే, మరో మీట ఎప్పుడూ రెండో భాషకే తీసుకెళ్లే ఎంపికలు ఉన్నాయి. నేను పెట్టుకున్నది ఇది: క్యాప్స్ లాక్ ఒక్కటే నొక్కితే ఇంగ్లిషు, షిఫ్టుతో కలిపి నొక్కితే తెలుగు. ఇప్పుడు ఏ భాషలో ఉందో తెలియాల్సిన పనే లేదు. తెలుగు రాయాలంటే షిఫ్టు, క్యాప్స్ నొక్కి మొదలుపెడతాను. అప్పటికే తెలుగులో ఉంటే ఏమీ కాదు. పొరపాటున పెద్ద అక్షరాల్లోకి జారే పాత బాధ కూడా దీనితోపాటే పోయింది.

చేతికి ఇది అలవాటు కావడానికి ఒక్క పూట పట్టింది. ఈ మొత్తం ప్రాజెక్టులో ఒక్కటే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను.

పద్దెనిమిదో రోజు

ఒక విండోలో నాలుగు వరుసలు కాపీ చేసి, దాన్ని మూసేసి, ఇంకో చోట పేస్టు చేస్తే ఏమీ పడలేదు. కాపీ సరిగా చేయలేదేమో అని ఇన్నాళ్లూ నన్ను నేనే అనుమానించుకున్నాను. కారణం వేరే ఉంది. ఎక్స్‌లో కాపీ చేసినప్పుడు ఆ వరుసలు ఎక్కడా నిల్వ కావు. "ఇది నా దగ్గర ఉంది" అని ఆ ప్రోగ్రామ్ ప్రకటిస్తుంది, అంతే. పేస్టు చేసినప్పుడు రెండో ప్రోగ్రామ్ మొదటిదాన్ని అడిగి తెచ్చుకుంటుంది. ఈలోగా మొదటిది మూతపడితే ఇచ్చేవారుండరు. 1980లలో మెమరీ కొద్దిగా ఉన్న యంత్రాలకు ఈ పద్ధతి పొదుపైనదే. ఈనాడు మనం చేసే పనికి అది కుదరదు.

క్లిప్‌బోర్డ్ మేనేజర్ పెట్టాను. కాపీ చేసిన వెంటనే అది తన దగ్గర నకలు ఉంచుకుంటుంది. ఇరవై వరకే దాచమని, లాగౌట్ కాగానే అన్నీ తుడిచేయమని పెట్టాను. పాస్‌వర్డులు కూడా ఇదే దారిన వెళతాయి, వాటిని డిస్కు మీద పడనివ్వకూడదు.

ఇరవయ్యో రోజు: మూల, ఇంకా కొన్ని

నా మెనూ బటన్ తెర ఎడమ పైమూలన ఉంటుంది. మూల అంటే మౌస్‌కు అన్నిటికంటే తేలికైన చోటు. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేతి కదలికల మీద ఒక సూత్రం ఇచ్చాడు: గురిని చేరడానికి పట్టే సమయం, దూరానికీ గురి వెడల్పుకూ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. 1978లో జిరాక్స్ పార్క్‌లో స్టూవర్ట్ కార్డ్ బృందం మౌస్ కదలికలకు కూడా అదే వర్తిస్తుందని చూపించింది. తెర అంచు దగ్గర పాయింటర్ ఆగిపోతుంది కాబట్టి, అక్కడున్న బటన్ చేతి లెక్కలో అంతులేని వెడల్పు ఉన్నట్టే. కళ్లు మూసుకుని మౌస్‌ను విసిరినా తగులుతుంది. 1984 నాటి మాకింతోష్‌లో మెనూ వరుస తెర పై అంచునే ఉండటంలో ఉన్న లాభం ఇదే.

నా థీమ్‌లో ఆ బటన్‌కూ తెర అంచుకూ మధ్య రెండు పిక్సెల్‌ల ఖాళీ వదిలారు. మూలకు విసిరి నొక్కితే ఏమీ కాదు. పాయింటర్‌ను వెనక్కి, కిందికి అంగుళంలో ఆవగింజంత జరిపి మళ్లీ నొక్కాలి. విండోస్ 95 స్టార్ట్ బటన్‌కు కూడా మూలన ఇలాగే నొక్కుకు పలకని ఖాళీ ఉండేది. ఇన్ని దశాబ్దాల తర్వాత అదే పొరపాటును ఇంకొకరు మొదటి నుంచి చేయడం నాకు బాధ కలిగించింది. బటన్ల చుట్టూ ఖాళీలు ఎంతో రాసి ఉండే సీఎస్ఎస్ ఫైలులో మూడు చోట్ల సున్నాలు పెడితే బటన్ అంచుకు అతుక్కుంది.

అదే పూట స్క్రోల్ పట్టీలు: పాయింటర్ దగ్గరికి వస్తేనే కనిపించే సన్నని గీతలను, ఎప్పుడూ కనిపించే పూర్తి పట్టీలుగా మార్చాను. లాగిన్ సమయంలో ప్రోగ్రామ్‌లు చదివే ఒక వేరియబుల్‌కు (పేరు పెట్టిన సెట్టింగుకు) సున్నా ఇస్తే చాలు. పత్రం ఇంకా ఎంత మిగిలి ఉందో ఇప్పుడు ఒక్క చూపులో తెలుస్తోంది. నోటిఫికేషన్లు కుడి పైమూలన, సరిగ్గా విండో మూసే బటన్ మీద పడేవి. వాటిని కింది ఎడమ మూలకు పంపాను.

ఇరవై తొమ్మిదో రోజు

మరమ్మతుల తర్వాత మరో వారం లెక్కపెట్టాను. నావి 64 నుంచి 17కు తగ్గాయి. నాన్నవి 41 నుంచి 12.

నా 17లో తొమ్మిది ఇంకా అంచులవే. కొన్ని ప్రోగ్రామ్‌లు విండో మేనేజర్‌ను పక్కనపెట్టి, తమ శీర్షిక పట్టీని, అంచులను తామే గీసుకుంటాయి. నేను ఆరు పిక్సెల్‌లు చేసిన బొమ్మలతో వాటికి సంబంధం లేదు. బ్రౌజర్‌లో అయితే వ్యవస్థ ఇచ్చే శీర్షిక పట్టీనే వాడమని చెప్పే గడి ఉంది, టిక్కు పెట్టాను. మిగతా రెండు మూడింట్లో ఆ దారి లేదు. వాటి దగ్గర ఆల్ట్, కుడి బటన్‌తో లాక్కుంటున్నాను, పాజ్ మీట కూడా నొక్కుతూనే ఉన్నాను.

థీమ్ ఫోల్డర్‌ను దాని అసలు రూపకర్తలకు పంపాను. ఏ బొమ్మ ఎందుకు మార్చానో, పిక్సెల్ ఎన్ని మిల్లీమీటర్లో, తెగిన వత్తుల ఫోటోలతో సహా రాశాను.

తర్వాత నాన్న ఫైలు తెరిచాను. పన్నెండు వరుసలు, పన్నెండు కారణాలు. "నా తప్పు" ఈసారి ఒకే ఒక్క చోట ఉంది. చివరి వరుసలో, నిన్న రాత్రి 8:40కి, ఇలా రాశారు: "కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూలో తొలగించు, పేరు మార్చు పక్కపక్కనే పెట్టారు. అంత దగ్గరగా ఉండకూడదు. చూడు."

ఆ మెనూ వరుస ఏ ఫైలులో ఉందో వెతుకుతున్నాను.